గిడుగు రామమూర్తి పంతులుగారు – ఆయన చెముడు

ప్రతి సంవత్సరమును ఆగస్టు 29వ తేదీన గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట మొదలగు పట్టణములలోని పాఠశాలలయందు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలమాల వేయుదురు. ఆ దినము తెలుగు భాషా దినోత్సవము. ఉపన్యాసకులు ఆయనను పిడుగందురు. గ్రాంథికవాదులను ఆయన ఎట్లు ఎదిరించిరో వర్ణింతురు. పిల్లలకు మిఠాయి పంచి సభ ముగింతురు. ఆ మహనీయునకు చెవులు వినబడకుండెనన్న సంగతిని మాత్రము ఏ ఉపన్యాసకుడును ఎత్తడు. ఎత్తినను గొంతు తగ్గించి, పెద్దమనుష్యుని ఇంటిగుట్టును బయటపెట్టుచున్నట్లు, ఒక్క వాక్యములో దాటిపోవును. ఘనుడైనవానికి అంగలోపముండుట మనకు పొసగదు. అంగలోపమున్నవాడు ఘనుడగుట అంతకన్నను పొసగదు. కనుక ఒకదానిని పొగడుటకై రెండవదానిని దాచుచున్నాము. పంతులుగారి జీవితమును ఒకమారు ఆ దాచిన వైపునుండి చూడవలసియున్నది.

1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, వంశధారానది యొడ్డున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో ఆయన జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి జమీందారీలో ఉద్యోగి. 1875లో ఆ తండ్రిని విషజ్వరము బలిగొన్నది. పండ్రెండేండ్ల బాలుడు విజయనగరము చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అచట ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. ఆ తరువాతి చదువంతయు ఉద్యోగము చేయుచు, ఇంటివద్ద దీపము ముందు కూర్చుండి సాధించినదే. 1896లో బి.ఏ. పట్టము వచ్చెను. ఈ నడుమనే ముఖలింగ దేవాలయములోని శాసనములను చదువుట గురువు లేకుండ తమంతట తాము నేర్చుకొనిరి. వారికి తెలియని విషయము ఎదుటపడినచో ఊరకుండుట చేతకాదు. ఆ స్వభావమే ఆయనను మన్యమునకు నడిపించినది.

పర్లాకిమిడికి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసింతురు. వారు పట్టణపు సంతలకు దిగివచ్చి, తమ సరకు అమ్ముకొని, వర్తకులు చెప్పిన లెక్కకు తలయూపి తిరిగిపోవుచుండిరి. వారి భాష తెలుగు కాదు, ఒడియాయు కాదు. ముండా భాషా కుటుంబమునకు చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, వ్యాకరణము లేదు, దానిని భాషయని గౌరవించినవారును బహు తక్కువ. పంతులుగారు రెండు భాషలును తెలిసిన యొకనిని ఇంట నిలుపుకొని సవర నేర్చుకొనిరి. తరువాత స్వయముగా కొండలెక్కిరి. సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని పుస్తకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టిరి. మద్రాసు ప్రభుత్వమువారు మెచ్చి పారితోషికమీయబోగా, తనకు వలదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడనియు కోరిరి. 1913లో రావుబహదూరు బిరుదము వచ్చెను.

ఈ పని ఎట్టిదో పాఠకులు ఒకింత ఊహింపవలెను. లిపి లేని భాషను వ్రాతలో పెట్టువానికి చెవియే సాధనము. సవరభాషలో కంఠమునందు తటాలున ఆగిపోవు ధ్వనులు కలవు. తెలుగు చెవికి అవి మౌనమువలె తోచును. ఆ మౌనమునకును ఈ మౌనమునకును గల భేదమును పట్టి, గుర్తు పెట్టి, మరునాడు మరియొక నోట మరల విని సరిచూడవలెను. ఇట్లు ఏండ్ల తరబడి వినిన చెవులకు ఆ కొండలే ముప్పు తెచ్చిపెట్టినవి.

మన్యపు జ్వరము కొండలెక్కిన మైదానపువాసిని ఊరక విడువదు. అది దోమకాటువలన వచ్చునని లోకమునకు తెలిసినది 1897లో మాత్రమే. ఆ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులోనే, రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో ఆ రోగక్రిమిని కనుగొనెను. అంతవరకు చెడుగాలి యనిరి, చెడునీరు యనిరి. మందొక్కటే: సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైను. ప్రభుత్వము దానిని పొట్లములుగా కట్టించి తపాలా కచేరీలలో సైతము అమ్మించెడిది. జ్వరమును దించుటలో దానికి సాటిలేదు. కాని మోతాదు మించినను, ఏండ్ల తరబడి వాడినను, చెవులలో హోరు పుట్టును. కొందరికి ఆ హోరు పోవును, కొందరికి వినికిడియే పోవును. పంతులుగారికి వినికిడి పోయినది. జీవితాంతమును అది వారిని వీడలేదు. ధ్వనులను పట్టుటయే వృత్తిగా పెట్టుకొన్నవానికి ఆ వృత్తియే చెముడు తెచ్చెను.

ఇంతకును పంతులుగారు చెవిటివారైరన్న వార్త పర్లాకిమిడిలో ఎట్లు వినబడియుండునో ఊహించుట కష్టము కాదు. మన భాషలో చెవిటివాడు హాస్యమునకు సిద్ధముగా నుంచబడిన పాత్ర. అతనిముందు శంఖమూదింతుము, చెవిటి పెద్దమ్మను చేంతాడడిగి ఆమె తప్పు సమాధానమునకు నవ్వుదుము. కుంటివానికి, గ్రుడ్డివానికి, గూనివానికి కూడ సామెతలు సిద్ధముగనే యున్నవి. అంగలోపమును పేరుకు ముందు తగిలించి పిలుచుట మన పల్లెలలో దూషణగా కూడ లెక్కకు రాదు. పురాణములవైపు తిరిగినను ఊరట స్వల్పమే. ధృతరాష్ట్రుడు పెద్దవాడయ్యు కన్నులు లేనందున రాజ్యమునకు అనర్హుడయ్యెను. వంకరలు తిరిగిన దేహముతో అష్టావక్రుడు జనకుని సభలో అడుగిడినపుడు పండితులే నవ్విరన్న కథ మనమందరము చిన్ననాట విన్నదే. నవ్విన పండితుల సంతతి మాత్రము నశింపలేదు.

హాస్యము ఒక యెత్తు, ఆస్తి ఒక యెత్తు. మన భూస్వాములు ఈ భాగమును శ్రద్ధగా చదువుదురుగాక. మనుస్మృతి మొదలుకొని ధర్మశాస్త్రములు పుట్టుగ్రుడ్డికిని, పుట్టుచెవిటికిని, మూగకును దాయభాగము లేదనియు, తిండియు బట్టయు మాత్రము ఈయవలెననియు విధించినవి. ఆంగ్లేయుల న్యాయస్థానములు ఆ విధినే హిందూ న్యాయముగా గ్రహించి తీర్పులు చెప్పినవి. నడుమ వచ్చిన లోపము అడ్డు కాదు. పుట్టుకతో వచ్చి, నయము కాని లోపమే అడ్డు. అనగా, క్వినైనువలన చెవుడు వచ్చిన పంతులుగారికి పిత్రార్జితములో భాగమునకు లోటు లేదు. అదే చెముడుతో పుట్టిన బిడ్డకు సెంటు భూమి లేదు. చెవి యొక్కటే, వినబడకుండుట యొక్కటే, న్యాయములు మాత్రము రెండు. ఈ భేదమునకు ఆధారమేమి? పుట్టుకతో వచ్చినది పూర్వజన్మపాపమని, నడుమ వచ్చినది దురదృష్టమని మన పెద్దలు భావించుటయే కారణమని తోచుచున్నది. 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టము వచ్చి, పుట్టుకతో మతిలేనివారిని తప్ప తక్కిన వారందరిని మితాక్షర న్యాయము క్రింద హక్కుదారులుగా చేసినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ మినహాయింపును కూడ తుడిచివేసినది. కాగితముపై చట్టము మారి ఎంతకాలమైనను, పంపకముల దినమున చెవిటితమ్ముని బొటనవ్రేలి ముద్రతో హక్కు విడుదల పత్రము వ్రాయించుకొని, వాని తిండికి నేను చూచెదనులే యని ఊరిపెద్దలయెదుట ఔదార్యము చూపు అన్నగారు అంతరించిరని ఎవరైనను ప్రమాణము చేయగలరా?

పాపఫలమను మాట ఎంత నిరాధారమో తెలియుటకు పర్లాకిమిడివరకు పోనక్కరలేదు. మన పొరుగుననే, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు చాలును. ఇవి ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనివి. అచట పండ్లు గారపట్టి, వెన్ను బిగిసి, నడివయస్సునకే వంగిపోవు మనుష్యులు ఊరూరను కనబడుచుండిరి. ఎద్దులు సైతము కీళ్ళు పట్టి అరకకు పనికిరాకుండ పోయెడివి. 1937లో షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును పరిశోధించి, ఇది బావినీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధియని ప్రకటించిరి. ఎముకలను పట్టు ఈ ఫ్లోరైడు వ్యాధిని మన దేశమున శాస్త్రరీత్యా వర్ణించిన మొదటి నివేదిక యదియే. పాపము ఊరంతటి మనుష్యులను పట్టినదందుము. ఎద్దు ఏ పాపము చేసెను? కారణము తెలిసిన తరువాత కూడ ఆ యూళ్ళకు పిల్లనిచ్చుటకు జంకినారే గాని, మంచినీటికై ప్రభుత్వముతో పోరాడుటకు సంబంధులెవరును ముందునకు రాలేదు.

మరల పంతులుగారి కథకు వత్తము. 1911లో ఆయన ఉద్యోగవిరమణ చేసిరి. చెముడు వచ్చిన పింఛనుదారుడు ఏమి చేయవలెనని మన లోకమర్యాద? అరుగుమీద కూర్చుండి రామకోటి వ్రాసికొనవలెను. ఇంటివారు సైగతో భోజనమునకు పిలువవలెను. పంతులుగారు అట్లుగాక, తెలుగుదేశములోని పండితమండలినంతను వాదమునకు పిలిచిరి. బడిపిల్లవాడు ఇంట మాట్లాడునది ఒక తెలుగు, పుస్తకములో వ్రాయవలసినది ఇంకొక తెలుగు. ఈ రెంటి నడుమ వాని బుద్ధి నలుగుచున్నదని, శిష్టులు వాడు జీవద్భాషయే చదువునకు తగినదని ఆయన వాదము. పాఠశాలల తనిఖీ అధికారి యేట్సుదొర, పి.టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడవారు ఆయనకు తోడైరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు ఉద్దండులు ఎదురునిలిచిరి. 1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది; కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. అదే సంవత్సరము తెలుగు అను పేర మాసపత్రికను స్థాపించి ఒక యేడు నడిపిరి. గ్రాంథికవాదుల రచనలనుండియే వ్యాకరణదోషములను పోగుచేసి చూపుట ఆయనకు ప్రియమైన ఆయుధము. ఈ వ్యాసపు బాణీని ఆయన చూచియుండినచో ఎన్ని తప్పులు లెక్కించియుందురో!

1925లో తణుకున జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో ఆయన నాలుగు గంటలసేపు మాట్లాడిరి. ఎదుటివారి కేకలు గాని, ఈలలు గాని, చప్పట్లు గాని సరిగా చెవినిబడని అరువది రెండేండ్ల మనుష్యుడు! గిట్టనివారు ఇదియును ఒక సౌకర్యమేయని పరిహసించియుందురు. కాని ఆయన ఎదుటివారి మాట వినకుండ వాదించినవారు కారు. వారు వ్రాసిన ప్రతి పుటను చదివి, ప్రతి వాక్యమునకు సమాధానము చెప్పినవారు. మంచి చెవులుండియు ఎదుటివాని గ్రంథమును తెరువని విద్వాంసులు ఆ సభలో ఎందరుండిరో ఎవరు లెక్కించిరి?

ఆయన గెలుపునకు ప్రతిభ యొక్కటే కారణమనుట మనలను మనము మోసగించుకొనుట. చెముడు వచ్చునాటికే ఆయనకు చదువుండెను, పేరుండెను, ఉద్యోగముండెను, గౌరవింపబడు కులములోని పుట్టుకయుండెను. కుమారుడు సీతాపతిగారు సవరభాషా పరిశోధనలో చేదోడుగా నిలిచిరి. ఆయనకు చెప్పదలచిన మాట కలవారు వ్రాసియైనను చెప్పిరి. ఆయన సమాధానమునకై ఎదురుచూచిరి. చెవి చేయలేని పనిని చుట్టునున్న మనుష్యులు చేసిపెట్టిరి. అదే చెముడు వట్టిచెరుకూరు మిరపతోటలో కూలికి పోవువాని బిడ్డకు పుట్టుకతో వచ్చినచో ఏమగును? ఇంటివారు మూగోడని పిలుతురు. నోరు మంచిదే, మాట వినబడనందున మాట నేర్వలేదని ఎవరును గ్రహింపరు. బడికి పంపరు. గేదెలవెంట పంపుదురు. పత్తి తీయుటకును, కల్లములో మిరపకాయలు ఎండబోసి తాలుకాయ ఏరుటకును మాట అవసరము లేదు గనుక ఆ పనులకు పెట్టి, కూలిలో సగము తగ్గింతురు. ఇరువది యేండ్లు గడచిన తరువాత, వీనికి బుద్ధి ఎదుగలేదని సిద్ధాంతము చేయుదురు.

ఇచట పంతులుగారి వాదమునకును చెవిటిబిడ్డల చదువునకును ఒక చుట్టరికము కలదు. దానిని ఆయన ఎచటనైనను ప్రస్తావించిరని మేము చెప్పుట లేదు. ఆయన ఉద్యమమును చదివినవానికి అది తోపకపోదు. ఆయన పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులైన 1880వ సంవత్సరముననే ఇటలీ దేశమున మిలాను నగరములో చెవిటివారి ఉపాధ్యాయుల అంతర్జాతీయ మహాసభ జరిగినది. చెవిటిపిల్లలకు చేతిసైగలతో చదువు చెప్పరాదనియు, నోటిమాటనే నేర్పవలెననియు ఆ సభ తీర్మానించినది. ఓటు వేసినవారిలో దాదాపు అందరును చెవులు వినబడువారే. ఆ తీర్మానముతో అనేక దేశములలో సైగభాష బడినుండి వెలివేయబడినది. దాచి సైగలు చేసిన పిల్లల చేతులపై బెత్తములు ఆడినవి. 2010లో వాంకూవరు నగరమున చేరిన అట్టి మహాసభయే ఆ పాతతీర్మానమునకు విచారము ప్రకటించినది. నూటముప్పది యేండ్లు! గ్రాంథికవాదులైనను ఇంతకాలము పట్టు విడువకుండలేదు.

సైగభాష వట్టి అభినయమనియు, పూర్తి భాష కాదనియు మనలో బహుజనుల నమ్మకము. సవరభాషను గూర్చి పట్టణవాసుల నమ్మకము కూడ అట్టిదే గదా. మరి మన రైతులు పశువుల సంతలో ఏమి చేయుచుండిరి? తువ్వాలు క్రింద చేయి దూర్చి, దళారి వ్రేళ్ళు పట్టి నొక్కి, పెదవి కదపకుండ ఎద్దులజత ధరను తేల్చుకొనెడివారు. ఆ వ్రేళ్ళభాషను మూగవాని చేష్టయని ఎవరును నవ్వలేదు. ధనము పలికినచో వ్రేళ్ళకు గౌరవము. ఆకలి పలికినచో అపహాస్యము. వ్రేళ్ళతో లెక్క మాత్రమే గాక, కథయు, కోపమును, తర్కమును చెప్పగల సంపూర్ణమైన సైగభాష మన దేశపు బధిరులకు కలదని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. దాని పరిశోధనకు, శిక్షణకు ఢిల్లీలో 2015లో కేంద్రప్రభుత్వము ఒక సంస్థను స్థాపించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సైగలను కూడ మాట యొక్క రూపములలో చేర్చినది. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపమున్నవారు దేశమున 50 లక్షలకు పైబడినవారు. వారిలో ఎందరి తల్లిదండ్రులు తమ బిడ్డతో పది సైగలకు మించి మాట్లాడగలరో ఏ లెక్కయు చెప్పదు. అన్నము, నీళ్ళు, పని, దెబ్బలు: పెక్కు ఇండ్లలో ఆ బిడ్డకు తెలిసిన నిఘంటువంతయు ఇంతే.

పంతులుగారు తమ నిఘంటువులను మాత్రము పూర్తి చేసియే విడిచిరి. సవరభాషా వ్యాకరణ గ్రంథము 1931లో మద్రాసున వెలువడినది. సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో వచ్చినది. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు. వినికిడి పోయిన తరువాత కూడ, యౌవనమున విని వ్రాసియుంచిన దానిని, ఇతరులచేత సరిచూపించుకొనుచు, కట్టకడకు అచ్చులోనికి తెచ్చిరి. 1934లో కైసర్-ఇ-హింద్ పతకము, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి కళాప్రపూర్ణ బిరుదము వచ్చినవి. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సా రాష్ట్రములో కలిపినపుడు, అర్ధశతాబ్దమునకు మించి నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో, ప్రజామిత్ర కార్యాలయమునందు, ఆయన పత్రికాసంపాదకులను కలిసికొనిరి. జనులు మాట్లాడు భాషలో పత్రికలు నడుపుడని వారిని వేడుకొనిరి. ఆ కార్యాలయమున చేరినవారిలో చెవులు సరిగా వినబడనివారు ఆయనయే. అయినను నాటి తెలుగు పత్రికలలో పెక్కింటికి ఆ విన్నపము వినబడుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది. ఆ సమావేశము జరిగిన ఏడవనాడు, జనవరి 22వ తేదీన, పంతులుగారు మద్రాసులోనే కన్నుమూసిరి.